మొలవని గింజ ఎవరి పాపం?



పోయిన ఆదివారం వీడియోలో అంకురార్పణ గురించి చెప్పుకున్నాం కదా. అందులో ఒక సంగతి చెప్పకుండా ఉండిపోయింది. టైమ్ చాలక కాదు, కెమెరా ముందు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను శాస్త్రాలు చదువుకున్న పండితుణ్ణి కానని మీకందరికీ తెలుసు. ఇంజనీరింగ్ చదివి, వారంలో ఐదు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం పొద్దున్న మా అపార్ట్‌మెంట్ గుడి మండపంలో చిన్నపిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పేవాణ్ణి. ఇందులో తప్పులుంటే పెద్దలు దిద్దండి.

పాలికల దగ్గర మొదలైంది

మా గుడి వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం అర్చకస్వామి గారు అంకురార్పణ చేశారు. వీడియో చూడనివారి కోసం రెండు మాటలు. తిరుమలలో బ్రహ్మోత్సవాలు మొదలయ్యే ముందురోజు సాయంత్రం స్వామివారి సేనాధిపతి విష్వక్సేనులవారు ఊరేగింపుగా వెళ్తారు. పుట్టమన్ను సేకరించి యాగశాలకి తీసుకొస్తారు. ఆ మన్నుని పాలికలు అనే పాత్రల్లో నింపి నవధాన్యాలు చల్లి, నీళ్ళు చిలకరించి, మంత్రాలతో పూజ చేస్తారు. మన పెళ్ళిళ్ళలో కూడా ఇదే ఉంటుంది. ముత్తైదువలు పాలికల్లో ధాన్యం వేసి నీళ్ళు పోస్తారు. ఎంత పెద్ద ఉత్సవమైనా, ఎంత ఘనంగా చేసే పెళ్ళయినా, ముందు ఒక చిన్న గింజని నమ్మి మొదలుపెట్టాలి. నాకు అంకురార్పణలో బాగా నచ్చేది ఇదే.

పిల్లలు పదకొండుమంది వచ్చారు. ఐదేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళు. పాలికలు చూసి ఒకడు, "అన్నయ్యా, దేవుడికి స్ప్రౌట్స్ సలాడ్ చేస్తారా?" అని అడిగాడు. అర్చకస్వామి గారు కూడా నవ్వేశారు. వీళ్ళకి చెప్పేకంటే చేయించడమే మంచిదనిపించింది. తలా ఒక పేపర్ కప్పు, కాస్త మట్టి, తొమ్మిది రకాల గింజలు ఇచ్చాను: గోధుమలు, వడ్లు, కందులు, పెసలు, శనగలు, అలసందలు, నువ్వులు, మినుములు, ఉలవలు. ఒక్కోటి ఒక్కో గ్రహానికి అని చెప్తే వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు.

"గింజ మొక్క అవ్వాలంటే ఏం కావాలి?" అని అడిగాను. నీళ్ళు, మట్టి, ఎండ అన్నారు. ఒకమ్మాయి "పాట" అంది. ఇంకొకడు "పాలు, బూస్టు" అన్నాడు. చివర్లో ఒక చిన్నపాప చేతులు జోడించి చూపించి "దణ్ణం" అంది. అన్నీ బోర్డు మీద రాసి, "రోజూ ప్రేమగా నీళ్ళు పోయండి, రోజూ స్వామికి దణ్ణం పెట్టుకోండి, వచ్చే ఆదివారం తీసుకురండి" అని పంపేశాను. పాఠం బాగా చెప్పానని నాకు నేనే సంబరపడ్డాను కూడా.

"అందుకేనా అన్నయ్యా?"

వచ్చే ఆదివారం పిల్లలు కప్పులు పట్టుకుని పరుగులు పెడుతూ వచ్చారు. పెసలు, అలసందలు తలెత్తి నిలబడ్డాయి. నువ్వులు మాత్రం ఒకరిద్దరికే వచ్చాయి. ఎవరి మొలక పొడుగో కొలుచుకుంటూ మండపమంతా గోల. ఆ గోలలో ఆరేళ్ళ పాప ఒకత్తి కప్పుని వెనక్కి దాచుకుని స్తంభం దగ్గర నిలబడింది. దణ్ణం అని చెప్పిన పాపే. అందరూ వెళ్ళేదాకా ఆగి, దగ్గరికొచ్చి కప్పు నా చేతిలో పెట్టింది. పైన నల్లటి మట్టి. ఒక్క మొలక కూడా లేదు.

"అన్నయ్యా, నేను తమ్ముణ్ణి కొట్టాను. అందుకేనా దేవుడు నా గింజల్ని మొలవనివ్వలేదు?"

ఆ పిల్ల ఏడవట్లేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. వారమంతా ఆలోచించుకుని, తనకి తనే తీర్పు చెప్పేసుకుని, నా దగ్గరికి సంతకం కోసం వచ్చినట్టుంది. నేను "అవును" అన్నా నమ్మేది. దేవుడి పేరు చెప్పుకుని పిల్లలతో మాట్లాడేవాళ్ళ చేతిలో ఎంత అధికారం ఉంటుందో ఆ క్షణంలో తెలిసింది. ఇంకో తొందరపాటు మనిషి అయితే, "చూశావా, తమ్ముణ్ణి కొడితే స్వామికి కోపం వస్తుంది, ఇంకెప్పుడూ కొట్టకు" అనేవాడు. పిల్ల బుద్ధిగా ఉండేదేమో కూడా. కానీ ఆ బుద్ధి కింద ఒక అబద్ధం వేరు పాతుకునేది.

అదే క్షణంలో నాకు మా అక్క గుర్తొచ్చింది. ఆ సంగతి కాసేపాగి చెప్తాను. ముందు ఈ కప్పు చూద్దాం.

"రా, మట్టి తీసి చూద్దాం" అన్నాను. పాత పేపర్ పరిచి కప్పు బోర్లించాం. అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాసన ముక్కుకి కొట్టింది. గింజలు ఉబ్బి, మెత్తబడి, వేలితో నొక్కితే చితికిపోతున్నాయి.

"ఎన్నిసార్లు నీళ్ళు పోశావు తల్లీ?"

"లేవగానే ఒక గ్లాసు, స్కూల్‌కి వెళ్ళేటప్పుడు ఒక గ్లాసు, వచ్చాక ఒకటి, పడుకునేటప్పుడు ఒకటి. పాపం దాహం వేస్తుందని."

పదకొండుమందిలో ఆ గింజల్ని అందరికంటే ఎక్కువ ప్రేమించింది తనే. నేను చెప్పిన మాట అక్షరాలా పాటించింది కూడా తనే. మట్టి రేణువుల మధ్య సన్నటి సందులుంటాయి, వాటిలో గాలి ఉంటుంది. గింజ నిద్ర లేచేటప్పుడు మనలాగే ఊపిరి తీసుకుంటుంది. ఆ సందులన్నీ నీళ్ళతో నిండిపోతే దానికి ఊపిరాడదు. ఇక కప్పు అడుగున చిల్లు పెట్టకుండా ఇచ్చింది ఎవరు? నేనే. మిగతా పిల్లలు రెండు రోజులు పోసి మర్చిపోయారు కాబట్టి వాళ్ళ గింజలు బతికాయి.

పాపకి అదే చెప్పాను. "తప్పు నాదమ్మా. కప్పుకి చిల్లు పెట్టాల్సింది, పెట్టలేదు. గింజకి గాలి కూడా కావాలని చెప్పాల్సింది, చెప్పలేదు. దేవుడికి నీ మీద కోపం లేదు."

కాసేపు ఆలోచించి, "మరి తమ్ముణ్ణి కొట్టినందుకు?" అంది.

"దానికి తమ్ముడి దగ్గరికి వెళ్ళి సారీ చెప్పాలి. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు."

కర్మ సిద్ధాంతం లేదంటావా?

ఈ మాట మా పెద్దమ్మతో చెప్తే, "అయితే చేసిన కర్మకి ఫలం ఉండదంటావా నాయనా?" అని అడిగింది. మంచి ప్రశ్న. మీలో కొందరికీ వచ్చే ఉంటుంది.

ఫలం ఎందుకుండదు? తప్పకుండా ఉంటుంది. కందులు విత్తితే కంది మొక్క వస్తుంది, ఉలవలు విత్తితే ఉలవ మొక్క వస్తుంది. ఏ పనికి ఆ పని ఫలం. నీళ్ళు ఎక్కువ పోసిన పనికి ఫలం గింజ కుళ్ళడం. తమ్ముణ్ణి కొట్టిన పనికి ఫలం తమ్ముడు ఏడవడం, రేపు అక్కని చూసి వాడు జంకడం, కొట్టిన చేతికి అది అలవాటుగా మారడం. ఆ ఫలాలు చాలు, అవి చిన్నవేం కావు. ఒకరి జీవితంలో ఒక చోట జరిగిన తప్పు తీసుకెళ్ళి, ఇంకో చోట వచ్చిన కష్టానికి ముడిపెట్టి, "ఇందుకే అది జరిగింది" అని తీర్పు చెప్పడం మాత్రం మన పని కాదు. కర్మ నడిచే దారి తెలుసుకోవడం చాలా కష్టమని భగవద్గీత 4వ అధ్యాయంలో శ్రీకృష్ణపరమాత్మే అర్జునుడికి చెప్పాడు. అర్జునుడికే కష్టమైనది పక్కింటివాళ్ళ విషయంలో మనకి ఇట్టే తెలిసిపోతుందా?

మా ఆఫీసులో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ముందు లాగ్స్ తెరుస్తాం. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎవరు ఏ మార్పు చేశారు అని చూస్తాం. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడి జాతకం అడగం. యంత్రం విషయంలో ఇంత న్యాయంగా ఉండే మనం మనుషుల దగ్గరికి వచ్చేసరికి లాగ్స్ చూడకుండానే జాతకం తీస్తాం.

ఐదు కప్పుల పాఠం

తర్వాతి ఆదివారం పాఠం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి నేను జవాబులు చెప్పలేదు. ఐదు కప్పులు, ఐదింటిలోనూ పెసలే.

మొదటి కప్పుకి చిల్లు పెట్టి, రోజూ కాస్త తడి చేసి, కిటికీ దగ్గర పెట్టాం. రెండోదానిలో గింజల్ని నానబెట్టకుండా వేసి, నీళ్ళే పోయలేదు. మూడోదానికి చిల్లు లేదు, నీళ్ళు నిండా. నాలుగోదానికి చిల్లు, తడి అన్నీ ఉన్నాయి కానీ, గుడి సామాను పెట్టే బీరువాలో చీకట్లో పెట్టాం. ఐదోది ఒక పిల్లాడి ఆలోచన: "ఫ్రిజ్‌లో పెడితే?" సరే అని వాళ్ళింటి ఫ్రిజ్‌లోనే పెట్టించాం.

వారం తర్వాత చూస్తే, మొదటిది పచ్చగా రెండు ఆకులతో నిలబడింది. రెండోది మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. మూడోది సంగతి మన పాప అందరికంటే ముందే చెప్పేసింది, "ఊపిరాడక చచ్చిపోయాయి" అని. ఫ్రిజ్‌లోవి ఉబ్బాయి కానీ మొలవలేదు. చలికి ముడుచుకుని పడుకున్నాయన్నమాట. బయట పెట్టాక చాలావరకు మొలిచాయి. రెండోదానికి కూడా నీళ్ళు పోస్తే, ఏమీ జరగనట్టే లేచి కూర్చుంది.

బీరువాలోని నాలుగో కప్పు అందరినీ ఆశ్చర్యపరిచింది. అది మొదటిదానికంటే పొడుగ్గా పెరిగింది! "చీకట్లోదే ఫస్ట్!" అని చప్పట్లు కొట్టారు. "దగ్గరికెళ్ళి చూడండి" అన్నాను. పాలిపోయి, పసుపుపచ్చగా, దారంలా సన్నగా ఉంది. ముట్టుకుంటే వాలిపోతోంది.

గింజలో ఉన్న రెండు బద్దలూ తల్లిచెట్టు బిడ్డకి కట్టి ఇచ్చిన సద్దిమూట. ఆ మూట ఉన్నన్ని రోజులు ఎండ లేకపోయినా మొలక పెరగగలదు. చీకట్లో ఉన్న మొలక ఆ మూటంతా ఖర్చుపెట్టి, వెలుగు ఎక్కడుందా అని పైకి పైకి వెతుక్కుంటుంది. ఆ పొడుగు దాని బలం కాదు, దాని ఆత్రం. మూట అయిపోయేలోపు వెలుగు దొరక్కపోతే అంతే. కిటికీ దగ్గరికి మార్చాం, రెండు రోజుల్లో ఆకులు పచ్చబడ్డాయి.

పిల్లల్ని పెంచే అమ్మానాన్నలూ, ఈ నాలుగో కప్పుని కాస్త గుర్తుపెట్టుకోండి. పక్కవాళ్ళ పిల్లలకంటే మనవాళ్ళు పొడుగ్గా కనిపిస్తే సంబరపడే ముందు, అది వెలుగులో పెరిగిన పొడుగో, వెలుగు లేక సాగిన పొడుగో ఒకసారి చూసుకుందాం.

ఒక ఏడేళ్ళవాడు మాత్రం తన కప్పులో గింజల్ని రోజూ తవ్వి బయటికి తీసి, వేరు ఎంత వచ్చిందో చూసి మళ్ళీ పాతిపెట్టేవాడు. వాడి గింజలు పాపం రెండు మూడు రోజులు ఓర్చుకుని, తర్వాత వాడిపోయాయి. "నేను బాగా చూసుకున్నా కదా" అంటాడు! ఎండ, నీళ్ళు, గాలి, వెచ్చదనంతో పాటు గింజని కాస్త దాని మానాన వదిలేయడం కూడా కావాలి. పని చేసే అధికారం మాత్రమే నీది, ఫలం మీద కాదు అని స్వామి గీత 2వ అధ్యాయంలో చెప్పింది మనకి పరీక్షల రిజల్ట్స్ రోజే గుర్తొస్తుంది. మట్టి కప్పేసి చేతులు వెనక్కి తీసుకున్న ఆ రెండు మూడు రోజుల్లో గుర్తుచేసుకోవాల్సిన మాట అది.

చెట్టు మట్టిని తింటుందా?

"మరి ఎదగడానికి చెట్టు ఏం తింటుంది? మట్టినా?" అని ఒకమ్మాయి అడిగింది. మనలో చాలామంది పెద్దవాళ్ళు కూడా అదే అనుకుంటాం. వాన్ హెల్మాంట్ అనే ఆయన దీన్ని పరీక్షించాడు. సుమారు 90 కిలోల ఎండుమట్టి తూచి తొట్టిలో పోసి, రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్క నాటి, ఐదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. చివర్లో చెట్టు సుమారు 77 కిలోలు తూగింది. మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. ఆయన పోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఈ సంగతి ఉంది. చెట్టంతా నీటి నుంచే వచ్చిందని ఆయన అనుకున్నాడు. అది సగమే నిజం. మట్టి నుంచి చెట్టు తీసుకునే లవణాలు కొంచెమే, కానీ అవి లేకపోతే బతకదు. కాండంలో, కొమ్మల్లో ఉన్న పదార్థంలో ఎక్కువ భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి, ఎండ సాయంతో, నీటితో కలిసి తయారవుతుంది.

ఇది చెప్పినప్పుడు పిల్లలు గుడి ముందున్న రావిచెట్టు వైపు చూశారు. అంత మాను, కంటికి కనపడని గాలి నుంచి! నాకు ఛాందోగ్యోపనిషత్తు 6వ అధ్యాయంలోని ఉద్దాలకుడు, శ్వేతకేతువు గుర్తొచ్చారు.

శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్ళి, ఇరవై నాలుగో ఏట వేదాలన్నీ చదువుకుని ఇంటికొస్తాడు. చదువుతో పాటు గర్వం కూడా తెచ్చుకుంటాడు. నాలుగేళ్ళ బీటెక్‌కే మా కళ్ళు నెత్తికెక్కాయి, పన్నెండేళ్ళ చదువంటే చెప్పాలా! తండ్రి ఉద్దాలకుడు కొడుకుని తిట్టలేదు. ఒక మర్రిపండు తెమ్మన్నాడు. పగలగొట్టమన్నాడు. లోపల ఏముంది? సన్నటి గింజలు. అందులో ఒకటి పగలగొట్టు. ఇప్పుడేం కనిపిస్తోంది? ఏమీ లేదు. నీకు కనిపించని ఆ సూక్ష్మం నుంచే ఇంత పెద్ద మర్రి నిలబడి ఉంది, ఆ సత్యమే నువ్వు కూడా అని బోధించాడు.

ఈ కథ నేను చాలాసార్లు విన్నాను, చెప్పాను కూడా. కానీ పాప కప్పు బోర్లించిన రోజునే ఇంకో సంగతి అర్థమైంది. ఉద్దాలకుడు ముందే "నేను చెప్తున్నాను, నమ్ము" అనలేదు. తెచ్చుకో, పగలగొట్టు, నీ కళ్ళతో చూడు, నువ్వే చెప్పు అన్నాడు. బ్రహ్మవిద్యకే ఆ పద్ధతి పనికొచ్చినప్పుడు పెసరగింజకి పనికిరాదా? తవ్వి చూస్తే భక్తి పోతుందని భయపడక్కర్లేదు. చూడనివ్వని చోటే భయం మొలుస్తుంది.

అంకురార్పణ రాత్రిపూట ఎందుకు చేస్తారని కూడా అడిగారు. ఓషధులకి అధిపతి చంద్రుడు, అందుకని రాత్రి చేస్తారని పెద్దలు చెప్తారు. చంద్రుడి రూపంలో ఓషధులన్నిటినీ పోషించేది తానేనని గీత 15వ అధ్యాయంలో స్వామి చెప్పాడు. ఇందులో మనవాళ్ళకి సైన్స్ ముందే తెలుసు అని నేను లాగబోవడం లేదు. ఒక్కటే చెప్తాను. గింజ నుంచి ముందుగా బయటికొచ్చేది వేరు. చీకట్లో, ఎవరూ చూడకుండా, కిందికి దిగుతుంది. మనం చిలకరించగలం, చిల్లు పెట్టగలం, కిటికీ దగ్గర పెట్టగలం. ఆ చీకట్లో వేరుకి కిందికి దారి చూపించేది మనం కాదు. అక్కడ దణ్ణం పెట్టుకోవాలి. ఆ పాప బోర్డు మీద రాయించిన "దణ్ణం" నేను చెరపలేదు.

అక్క పెళ్ళి పాలికలు

ఇప్పుడు మా అక్క సంగతి. తన అనుమతి తీసుకునే రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళ కిందట అక్క పెళ్ళయింది. నేను అప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. పెళ్ళిలో పాలికలు సరిగ్గా మొలవలేదు. పదహారు రోజుల పండగ నాటికి ఒకటి రెండు పాలికల్లో నాలుగు పరకలు తప్ప ఏమీ లేవు. చుట్టాల్లో ఒకావిడ చూసి పెదవి విరిచింది. అప్పటికి అది అంతటితో పోయింది. మరుసటి ఏడు అక్కకి ఐదో నెలలో గర్భం నిలవలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళలో ఎవరో, "ఆనాడు పాలికలు చూసినప్పుడే అనుకున్నాను" అన్నారు. మెల్లగానే అన్నారు. కానీ గదిలో పడుకున్న అక్కకి వినిపించింది.

తర్వాత ఒకరోజు నన్నే అడిగింది, "పాలికలు మొలవలేదు కదరా, నాలోనే ఏదో దోషం ఉందేమో" అని. నేను "అదేం లేదక్కా" అని లేచి వెళ్ళిపోయాను.

ఎందుకు వెళ్ళిపోయానంటే, ఆ నవధాన్యాలు కొన్నది నేను. పెళ్ళి హడావిడిలో నాన్న "మంచి ధాన్యం చూసి తీసుకురా" అని చెప్పి పంపితే, బండి ఆపి, దగ్గర్లో కనిపించిన షాపులో ఒక ప్యాకెట్ కొనుక్కొచ్చాను. కవరు మీద దుమ్ము. లోపల కందులకి, పెసలకి సూది బెజ్జాలు. పుచ్చిన గింజలని చూస్తూనే తెలుస్తోంది. పూజకే కదా, ఏవైతేనేం అనుకున్నాను. పూజకే కదా అనుకోవడం ఎంత పెద్ద తప్పో అప్పుడు తెలియలేదు.

నా అశ్రద్ధకి ఫలం మా అక్క మోసింది. నేను చిల్లు పెట్టని కప్పుకి దోషం ఆ పాప మోయబోయింది. రెండుసార్లూ తప్పు నాదే, రెండుసార్లూ దేవుడి కోపం అని పేరు పెట్టుకున్నది మాత్రం ఒక ఆడపిల్ల.

ఆ ఆదివారం రాత్రి అక్కకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. చాలాసేపు అటువైపు నుంచి మాట రాలేదు. తర్వాత, "ఆ ప్యాకెట్ ఎంతరా?" అంది.

"నలభై రూపాయలక్కా."

"నలభై రూపాయల గింజలకి ఎన్ని రాత్రులు ఏడ్చానో తెలుసా? ఇది చెప్పడానికి ఎనిమిదేళ్ళు పట్టిందా నీకు?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అక్కకి ఇప్పుడు ఐదేళ్ళ బాబు ఉన్నాడు, బాగున్నారు. బాబు పుట్టాడు కాబట్టి దోషం లేదని తేలింది అని మాత్రం ఎవరూ అనకండి. పుట్టకపోయినా దోషం లేదు.

మొలకలు బాగా వస్తే శుభం అని పెద్దలు అనుకోవడంలో తప్పేమీ లేదు. ఎవరి ఇంట పచ్చదనం చూసినా సంతోషమే. కానీ రైతుని చూడండి. విత్తే ముందు వంద గింజలు లెక్కపెట్టి తడిగోనెలో చుట్టి, ఎన్ని మొలిచాయో చూసుకుంటాడు. సగం కూడా మొలవకపోతే విత్తనం మారుస్తాడు. ఇంటి కోడల్ని అనడు. గింజ మొలవకపోతే గింజని చూడాలి, నీళ్ళు చూడాలి, మట్టి చూడాలి. మనిషిని చూడకూడదు.

మీ ఇంట్లో పిల్లలతో చేయండి

ఈ వారం మీ పిల్లలతో చిన్న అంకురార్పణ చేయించండి. పెద్ద సామాను అక్కర్లేదు.

గింజలు పొట్టుతో గుండుగా ఉన్నవి, కొత్త పంటవి చూసుకోండి. కందిపప్పు, మినపపప్పు బద్దలైపోయినవి కాబట్టి మొలవవు. బియ్యం కూడా మొలవదు, వడ్లు మొలుస్తాయి. మొలక వచ్చే భాగం మిల్లులో తవుడుతో పోతుంది. ఇది పిల్లలకి చేసి చూపిస్తే జన్మలో మర్చిపోరు.

పెసలు, అలసందలు, శనగలు లాంటివి ఒక రాత్రి నానబెట్టండి. కొబ్బరిచిప్ప అయినా, పెరుగు డబ్బా అయినా సరే, అడుగున మూడు నాలుగు చిల్లులు పెట్టండి. దయచేసి నాలా మర్చిపోకండి.

గింజ ఎంత లావుందో దానికి రెండింతల లోతులో పెట్టి మట్టి కప్పండి. నువ్వుల్ని లోతుగా పెట్టొద్దు, పైపైన చల్లి కాస్త మట్టి రాల్చితే చాలు.

నీళ్ళు గ్లాసుతో వద్దు, చేత్తో చిలకరించండి. పిల్లల చేత మట్టి మీద వేలు పెట్టించండి. వేలికి తడి తగిలితే ఆ పూట నీళ్ళు అక్కర్లేదు.

మొలక కనిపించగానే వెలుగు వచ్చే చోటికి మార్చండి. అప్పటిదాకా తవ్వి చూడనివ్వకండి.

మొదటిరోజు గింజల్ని లెక్కపెట్టించండి. వారం తర్వాత ఎన్ని మొలిచాయో, ఎన్ని మొలవలేదో రెండూ రాయించండి. మొలవనివి కూడా పిల్లల చేతే తవ్వించి చూపించండి. ఎందుకు మొలవలేదో మీకు తెలియకపోతే "నాకు తెలియదు నాన్నా, మళ్ళీ వేసి చూద్దాం" అనండి. దేవుడికి కోపం వచ్చిందని మాత్రం ఎప్పుడూ అనకండి. మనకి తెలియని చోటల్లా ఆయన కోపాన్ని పెట్టి పూడిస్తే, ఆ పిల్లలు పెద్దయ్యాక ఆయన ప్రేమని వెతుక్కోవడానికి చోటు మిగలదు.

మన పాప మళ్ళీ వేసింది. ఈసారి అడుగున చిల్లు, వేలితో తడి చూసుకోవడం, అన్నీ పద్ధతిగా. తొమ్మిది గింజలకి ఆరు మొలిచాయి. నిన్న తీసుకొచ్చి చూపించి, "అన్నయ్యా, మిగతా మూడూ ఎందుకు మొలవలేదు?" అని అడిగింది.

అదే ప్రశ్న. కానీ ఈసారి గొంతులో భయం లేదు. కళ్ళు మట్టి వైపు చూస్తున్నాయి. ఇద్దరం మళ్ళీ పేపర్ పరిచాం.

ఆ శ్రీనివాసుడు మన పిల్లలకి చూసే కళ్ళు, అడిగే ధైర్యం, దయగల మనసు ఇవ్వాలని కోరుకుంటూ,

శుభం. జై శ్రీమన్నారాయణ.